గ్రీకు పేర్ల డేటాబేసులు లెక్కపెట్టేది పేర్లనా, మనుషులనా?

శిథిలమైన గ్రీకు శాసనాల్లో పోయిన అక్షరాలను పూరించే ‘ఇథాకా’ అనే కృత్రిమ మేధ నమూనా గురించి 2022లో వార్తలు వచ్చాయి. అది నేర్చుకున్నది ప్యాకార్డ్ హ్యుమానిటీస్ ఇన్‌స్టిట్యూట్ పోగుచేసిన శాసన పాఠాల నుంచి. ఆ శాసనాల్లో చాలావాటిలో వాక్యాల కన్నా మనుషుల పేర్లే ఎక్కువ. యుద్ధంలో చనిపోయిన సైనికుల జాబితాలు, గుడికి కానుకలిచ్చిన వాళ్ల వరుసలు, విడుదలైన బానిసల పత్రాలు, సమాధి రాళ్లు అన్నీ అలాగే ఉంటాయి. ఒక రాయి ఏ ఊరిదో, ఏ శతాబ్దానిదో తేల్చడానికి శాసన పరిశోధకులు మొదట పట్టుకునే ఆధారాల్లో అందులోని పేర్లు ఒకటి. ఆ పేర్లను పోగుచేసిన డేటాబేసులు ఇప్పుడు ఎవరైనా ఇంట్లో కూర్చుని తెరవవచ్చు. తెరిచాక చిక్కు మొదలవుతుంది. ‘దియోనిసియోస్’ అని వెతికితే ఒక్కో డేటాబేసు ఒక్కో సంఖ్య చూపిస్తుంది. వాటిలో ఏదీ తప్పు కాదు. అవి లెక్కపెడుతున్నవే వేరు.

ఇంటిపేరు లేని సమాజంలో పేరు

ప్రాచీన గ్రీకులకు ఇంటిపేరు లేదు. మనిషికి ఒకే పేరు ఉండేది. మనిషిని గుర్తుపట్టడానికి తండ్రి పేరును షష్ఠీ విభక్తిలో పక్కన చేర్చేవారు. ఏథెన్స్‌లో ఇంకో గుర్తు కూడా ఉండేది. క్రీ.పూ. 508–507 నాటి క్లెయిస్తెనీస్ సంస్కరణలతో పౌరులందరూ 139 ‘దేమోస్’లలో, అంటే ఊళ్లు, పేటల లాంటి విభాగాలలో నమోదయ్యారు. ఆ విభాగం పేరు తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది, కాపురం ఎక్కడికి మారినా మారేది కాదు.

‘దెమోస్తెనీస్’ అని మాత్రమే రాసి ఉంటే అది ఎవరో తేలదు. ‘దెమోస్తెనీస్, దెమోస్తెనీస్ కొడుకు, పయానియా వాడు’ అంటే క్రీ.పూ. 384–322 మధ్య జీవించిన ప్రసిద్ధ వక్త. ‘దెమోస్తెనీస్, అల్కిస్తెనీస్ కొడుకు, అఫిద్నా వాడు’ అంటే అంతకు ముందు తరాలవాడు, సిసిలీ దండయాత్రలో క్రీ.పూ. 413లో చనిపోయిన సేనాపతి. పేరు ఒకటే, మనుషులు ఇద్దరు.

పేర్లలో చాలావరకు రెండు ముక్కల సమాసాలు. ‘థెయోస్’ అంటే దేవుడు, ‘దోరోన్’ అంటే కానుక. కలిపితే థెయోదోరోస్, తిప్పి కలిపితే దోరోథెయోస్. దేవదత్తుడనే పేరు తెలిసిన మనకు ఈ పద్ధతి కొత్తది కాదు. ‘మంచి కీర్తి గలవాడు’ అనే అర్థమున్న గ్రీకు ‘యూక్లేస్’, సంస్కృతంలోని ‘సుశ్రవుడు’ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చిన జంట అని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు.

తాత పేరు మనవడికి పెట్టడమూ మనకు తెలిసిందే. గ్రీసులో పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టడం బాగా వాడుకలో ఉండేది. ఏథెన్స్‌లో ఒక సంపన్న కుటుంబంలో కల్లియాస్, హిప్పోనికోస్ అనే రెండు పేర్లే తరం విడిచి తరం తిరిగాయి. పర్షియాతో సంధి చేశాడని చెప్పే కల్లియాస్ ఒక హిప్పోనికోస్ కొడుకు. అతని మనవడు ఇంకో కల్లియాస్, ఇతనూ ఒక హిప్పోనికోస్ కొడుకే. ఇద్దరి తండ్రి పేరు, దేమోస్ పేరు ఒకటే. తేదీ సరిగ్గా తెలియని శాసనంలో ‘కల్లియాస్, హిప్పోనికోస్ కొడుకు’ అని కనిపిస్తే తాతో మనవడో చెప్పడానికి పేరు ఏమాత్రం సాయపడదు.

ప్రస్తావన, పేరు, రూపం, వ్యక్తి

ఈ నాలుగు మాటలను విడివిడిగా పట్టుకుంటే సగం అయోమయం తీరుతుంది. ఒక పాఠంలో ఒక చోట పేరు కనిపించడం ప్రస్తావన. నిఘంటువులో తల పదంలా నిలిచేది పేరు. మాండలికం వల్లో రాతగాడి అలవాటు వల్లో ఆ పేరు తీసుకున్న వేషం రూపం. ఆ పేరు మోసిన మనిషి వ్యక్తి.

వక్త దెమోస్తెనీస్ పూర్తి పేరు ఒక రాతి మీద ఒక్కసారి ఉందనుకుందాం. అందులో ప్రస్తావనలు రెండు, కొడుకుదీ తండ్రిదీ. వ్యక్తులు ఇద్దరు. పేరు ఒకటే.

దీనికి పూర్తి తలకిందులు ఏథెన్స్ కెరమెయికోస్‌లో దొరికిన పెంకులు. ఊరి నుంచి ఎవరిని బహిష్కరించాలో తేల్చే ఓటింగులో పౌరులు కుండ పెంకుల మీద పేరు గీకి వేసేవారు. ‘మెగాక్లేస్, హిప్పోక్రతీస్ కొడుకు’ అనే పేరుతో అక్కడ 4 వేలకు పైగా పెంకులు బయటపడ్డాయి. ప్రస్తావనలను లెక్కిస్తే క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో మెగాక్లేస్ కన్నా జనాదరణ ఉన్న పేరు లేదనిపిస్తుంది. వ్యక్తులను లెక్కిస్తే అది ఒక్క మనిషి, అదీ ఊరు తరిమేయాలనుకున్న మనిషి.

రెండు పెద్ద సంపదలు, రెండు వేరు పునాదులు

మొదటిది ఆక్స్‌ఫర్డ్‌లోని ‘లెక్సికన్ ఆఫ్ గ్రీక్ పర్సనల్ నేమ్స్’. పీటర్ ఫ్రేజర్ 1972లో బ్రిటిష్ అకాడమీ ప్రాజెక్టుగా దీన్ని మొదలుపెట్టారు. సంపుటాలు ప్రాంతాల వారీగా వచ్చాయి. 1987లో ఏజియన్ దీవులు, సైప్రస్, సిరెనైకా. 1994లో ఏథెన్స్ ఉన్న అట్టికా. తర్వాత పెలొపొన్నీస్, సిసిలీ, మధ్య గ్రీసు, మాసిడోనియా, త్రేస్, ఆసియా మైనర్ తీరం. 2018లో ఆసియా మైనర్ లోతట్టు ప్రాంతం. దీని యూనిట్ వ్యక్తి. పద్దులో పేరు, ఊరు, తేదీ, ఆధారం, తెలిస్తే తండ్రి, కొడుకు, భార్య వివరాలు ఉంటాయి. పురాణ పాత్రలను చేర్చరు. ఈజిప్టులో పపైరస్ మీద, అంటే ఒక నీటి మొక్కతో చేసిన కాగితం మీద, రాసిన పత్రాల లోకాన్ని వదిలేశారు.

ఆ వదిలేసిన ఈజిప్టే రెండోదానికి పునాది. బెల్జియంలోని ల్యూవెన్‌లో 1950లలో మొదలైన ‘ప్రోసోపోగ్రాఫియా టోలెమైకా’ అనే వ్యక్తుల జాబితా, 2005 ప్రాంతంలో రూపుదిద్దుకున్న ‘ట్రిస్మెగిస్టోస్’లో కలిసిపోయింది. ఇది ప్రస్తావన నుంచి మొదలై పైకి కడుతుంది. ప్రతి ప్రస్తావనకు ఒక సంఖ్య, అది ఏ రూపానిదో ఇంకో సంఖ్య, ఆ రూపం ఏ పేరుకు చెందుతుందో మరొకటి, ఆ మనిషి ఎవరో తేలితే వ్యక్తి సంఖ్య. పపైరస్ పాఠాలన్నీ డిజిటల్‌గా దొరకడంతో పేర్లను యంత్రంతో గుర్తించి తర్వాత మనుషులు సరిచూసే పద్ధతి ఇక్కడ కుదిరింది. ఇందులో కొన్ని సౌకర్యాలకు ఇప్పుడు చందా కట్టాలి.

ఆక్స్‌ఫర్డ్ కోశంలో ఒక నియమం తెలియక చాలామంది దెబ్బతింటారు. మనిషిని దొరికిన చోట కాదు, సొంత ఊరి కింద నమోదు చేస్తారు. ఏథెన్స్‌లో చనిపోయి అక్కడే సమాధి రాయి వేయించుకున్న మిలేతోస్ వాడు అట్టికా సంపుటంలో ఉండడు, ఆసియా మైనర్ తీరం సంపుటంలో మిలేతోస్ కింద ఉంటాడు. కాబట్టి ‘అట్టికా’ అని వడపోసి వచ్చిన జాబితాను ‘ఏథెన్స్‌లో నివసించినవాళ్లు’ అనుకోకూడదు. ఏథెన్స్‌లోని మిలేతోస్ వాళ్ల సమాధులు చాలా ఎక్కువ, ఈ తేడా చిన్నది కాదు.

సంపుటాల సంఖ్యలను పోల్చేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. కిర్ష్‌నర్ 1901–1903లో అచ్చువేసిన ఏథెన్స్ వ్యక్తుల జాబితాలో 15,588 పద్దులున్నాయి. 1994 నాటి అట్టికా సంపుటంలో 60 వేలకు పైగా వ్యక్తులున్నారు. తొంభై ఏళ్లలో అంతమంది కొత్తగా దొరికారని కాదు. 1931లో మొదలైన ఏథెన్స్ అగోరా (పాత సంత మైదానం) తవ్వకాలు చాలా ఇచ్చిన మాట నిజమే. అయితే కిర్ష్‌నర్ పౌరులతో ఆగి, అగస్టస్ కాలంతో ముగించారు. కొత్త సంపుటం రోమన్ పాలన శతాబ్దాలనూ, పౌరులో కాదో తేలనివాళ్లనూ కలుపుకుంది. పెరిగినదానిలో కొంత భూమిలోంచి వచ్చింది, కొంత నిర్వచనంలోంచి వచ్చింది.

దెమెత్రియోస్, దామాత్రియోస్: ఒక పేరా, రెండా?

దేమెతెర్ దేవత పేరు మీద వచ్చిన పేరు ఏథెన్స్‌లో దెమెత్రియోస్. డోరిక్ మాండలికం మాట్లాడే చోట్ల, మధ్య గ్రీసులోని బోయోతియాలో అదే దామాత్రియోస్. ఆక్స్‌ఫర్డ్ కోశం వీటిని వేర్వేరు తల పదాలుగా ఉంచుతుంది. ట్రిస్మెగిస్టోస్ ఒక పేరు కింద రూపాలుగా చేరుస్తుంది.

విడిగా ఉంచాలనేవాళ్ల వాదన బలమైనదే. ‘దామా–’తో మొదలయ్యే రూపం కనిపించగానే ఆ మనిషి ఏ మాండలికపు ఊరివాడో ఊహించవచ్చు. కలిపేస్తే ఆ ఆధారం పోతుంది. పైగా హెలెనిస్టిక్ కాలంలో, అంటే అలెగ్జాండర్ తర్వాతి మూడు శతాబ్దాల్లో, ఉమ్మడి గ్రీకు భాష ప్రబలినప్పుడు ఏ ఊళ్లో డోరిక్ రూపం ఎంత కాలం నిలిచిందన్నది స్వయంగా ఒక పరిశోధనాంశం. కలపాలనేవాళ్ల వాదన కూడా కొట్టిపారేసేది కాదు. దేమెతెర్ పేరు పెట్టుకున్నవాళ్లు గ్రీకు ప్రపంచమంతటా ఎందరు అని అడిగేవాడికి, అన్ని మాండలిక రూపాలూ ముందే తెలిసి ఉండాలనడం న్యాయం కాదు. ఒక రూపం మరిచిపోతే జవాబు తప్పవుతుంది, తప్పయిందని కూడా తెలియదు. పాఠంలో ఉన్న రూపాన్ని చెక్కుచెదరకుండా దాచి, దాని పైన కలిపే పొరను వేరుగా కట్టడమే మేలైన దారి. ముందే కలిపేసి దాచినదాన్ని తర్వాత విడదీయలేం.

ఉచ్చారణ మారడం వల్ల వచ్చిన అక్షర భేదాలు వేరే రకం. రోమన్ కాలానికి ‘ఎయి’ అని రాసినా ‘ఇ’ అనే పలికేవారు. అందుకే ఇసిదోరోస్ అనే పేరు పపైరస్ పత్రాల్లో ‘ఎయిసిదోరోస్’ అనీ కనిపిస్తుంది. దీన్ని మాండలికంగా ఎవరూ లెక్కించరు. ఆక్స్‌ఫర్డ్ సంపుటాలు ఇలాంటివి సరిచేసిన రూపం కింద పెట్టి, అసలు రాతను పద్దులో బ్రాకెట్లలో చూపిస్తాయి.

విరిగిన రాయి ముందు కూర్చుంటే

ఒక రాతి మీద ‘…ఒదోరోస్ అపొల్ల…’ అని మిగిలిందనుకుందాం. మొదటి పేరు తల పోయింది, రెండో పేరు తోక పోయింది. రెండోది తండ్రి పేరు కావచ్చు.

మొదటిదానికి తిరుగు సూచిక కావాలి, అంటే పేర్లను చివరి అక్షరం నుంచి వెనక్కి అమర్చిన జాబితా. ‘–ఒదోరోస్’ అని అడిగితే అపొల్లోదోరోస్, జెనోదోరోస్, అథెనోదోరోస్, మెనోదోరోస్ లాంటివి వరుసగా వస్తాయి. తర్వాత ఊరితో వడపోయాలి. ఇక్కడ నదుల పేర్లు చక్కగా సాయపడతాయి. తీబ్స్ పక్కన పారే ఇస్మేనోస్ నది పేరు మీద వచ్చిన ఇస్మేనోదోరోస్ బోయోతియాలో ఎదురవుతుంది. కెఫిసోదోరోస్ అట్టికాలో, బోయోతియాలో తరచుగా వస్తుంది, కెఫిసోస్ అనే నది రెండు చోట్లా ఉంది. అలాగే ‘మాండ్రో–’ ముక్క ఉన్న పేర్లు అయోనియా వైపు, అంటే ఆసియా మైనర్ పడమటి తీరం, దాని పక్క దీవుల వైపు చూపిస్తాయి. మిలేతోస్‌కు చెందిన అనాక్సిమాండ్రోస్, సామోస్‌కు చెందిన మాండ్రోక్లేస్ అందుకు సాక్ష్యం. ఊరి తర్వాత తేదీ. చివరగా రాతి మీద ఖాళీని కొలవాలి. పోయిన చోట నాలుగు అక్షరాలే పడితే ఆరు అక్షరాల ముక్క ఎంత ప్రసిద్ధమైనా కుదరదు. ఈ కొలత తీసుకోకుండా డేటాబేసులో పైన వచ్చిన పేరు ఎత్తి పెట్టడం తరచూ జరిగే పొరపాటు.

రెండో పేరు ఇంకా కష్టం. అపొల్లోనియోస్, అపొల్లోదోరోస్, అపొల్లోనిదేస్, అపొల్లోఫనేస్ అన్నీ అలాగే మొదలవుతాయి. వీటిలో అపొల్లోనియోస్ చాలా చోట్ల అత్యధికం, కాబట్టి దాన్నే పూరించాలనిపిస్తుంది. ఒక్కసారి పూరిస్తే నష్టం లేదు. కానీ పూరించిన ఆ పాఠం అచ్చయి, మళ్లీ డేటాబేసులోకి చేరి, అపొల్లోనియోస్ లెక్కను ఒకటి పెంచుతుంది. తర్వాతి పరిశోధకుడు ఆ పెరిగిన లెక్క చూసి ఇంకో రాయిని అదే పేరుతో పూరిస్తాడు. సాధారణమైన పేర్లు ఇలా తమను తామే పెంచుకుంటాయి, అరుదైనవి కనుమరుగవుతాయి. పాఠాల నుంచి నేర్చుకునే యంత్ర నమూనాలకు కూడా ఇదే ప్రమాదం. పూరించిన అక్షరాలను చతురస్ర బ్రాకెట్లలో చూపే శాసన శాస్త్ర సంప్రదాయం ఉన్నది ఇందుకే. సంఖ్యలు తీసేటప్పుడు బ్రాకెట్లున్న పద్దులను విడిగా లెక్కపెట్టాలి.

అవే బ్రాకెట్లు వెతుకులాటలో అడ్డం పడతాయి. పేరు మధ్యలో బ్రాకెట్ వచ్చినా, పేరు రెండు పంక్తులకు విరిగినా, మామూలు వెతుకులాటకు అది దొరకదు. పదం మధ్యలో వచ్చే ‘స’కారం, చివర వచ్చే ‘స’కారం గ్రీకులో రెండు వేర్వేరు గుర్తులు. కొన్ని ప్రచురణలు రెండింటికీ అర్ధచంద్రాకారపు మూడో గుర్తు వాడతాయి. స్వరచిహ్నమున్న అక్షరాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయవచ్చు, అక్షరం, చిహ్నం విడివిడిగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు కాదు. ఫలితం సున్నా వస్తే పేరు లేదనుకోకముందు స్వరచిహ్నాలు తీసేసి, చివరి అక్షరం వదిలేసి మళ్లీ వెతకాలి. పాఠాల డేటాబేసులో అయితే విభక్తులు కూడా గుర్తుండాలి. దెమోస్తెనీస్ తండ్రిగా వచ్చిన చోట ‘దెమోస్తెనూస్’ అవుతాడు.

పేరు పెరిగిందా, రాళ్లు పెరిగాయా?

ఐసిస్ దేవత ఆరాధన ఈజిప్టు నుంచి గ్రీకు ఊళ్లకు ఎప్పుడు పాకిందో తెలుసుకోవడానికి ఇసిదోరోస్ లాంటి పేర్లను లెక్కించడం పాత పద్ధతి. ఊహాత్మకంగా ఒక ఊరు తీసుకుందాం. ఒక శతాబ్దంలో 200 మంది తెలిస్తే అందులో 4 ఇసిదోరోస్‌లు, తర్వాతి శతాబ్దంలో 1,200 మంది తెలిస్తే అందులో 12. పేరు మూడింతలైందని రాయవచ్చు. నిజానికి 2 శాతం నుంచి 1 శాతానికి పడింది. ఆ శతాబ్దంలో శాసనాలు వేయించే అలవాటు పెరిగింది, అంతే.

తేదీలతో ఇంకో చిక్కు. చాలా పద్దుల్లో ‘హెలెనిస్టిక్’ అని మాత్రమే ఉంటుంది, అంటే క్రీ.పూ. 323 నుంచి 31 వరకు ఎప్పుడైనా. అలాంటి పద్దును ఏదో ఒక శతాబ్దంలో వేస్తే గ్రాఫులో లేని శిఖరం లేస్తుంది. దాన్ని దాదాపు మూడు భాగాలు చేసి మూడు శతాబ్దాలకూ పంచడం మెరుగు. ట్రిస్మెగిస్టోస్ గ్రాఫుల్లో ఈ పంపిణీ పద్ధతి ఉంది.

ఇవన్నీ సరిచేసినా, పేరు భక్తికి రుజువేనా అన్న వాదం మిగులుతుంది. కొందరు, కొత్త దేవత పేరు మొదటిసారి కనిపించడం కచ్చితమైన సూచన అంటారు. మొదటి తరం వరకు ఆ మాట నిలుస్తుంది. మనవడికి ఆ పేరు తాత మీద గౌరవంతో వచ్చింది, దేవత మీద భక్తితో కాకపోవచ్చు.

గ్రీకు పేరున్నవాళ్లంతా గ్రీకులా?

క్రీ.పూ. 2వ శతాబ్దంలో ఎగువ ఈజిప్టులోని పాథిరిస్‌లో ద్రితోన్ అనే క్రీట్ మూలాలున్న అశ్వదళ అధికారి ఉండేవాడు. అతని భార్య పేరు అపొల్లోనియా, ఇంకో పేరు సెన్మొంతిస్. ఒకటి గ్రీకు, ఒకటి ఈజిప్షియన్. వాళ్ల కూతుళ్లకూ జంట పేర్లే. సందర్భాన్ని బట్టి ఒక్కో పత్రంలో ఒక్కో పేరు వస్తుంది. రెండు పేర్లూ కలిపి రాసిన పత్రాలు దొరకకపోయి ఉంటే, డేటాబేసులో ఈమె ఇద్దరు ఆడవాళ్లయ్యేది. పేర్ల శాతాన్ని బట్టి ఈజిప్టులో గ్రీకులెందరో లెక్కగట్టే పని ఇక్కడే చిక్కుబడుతుంది. పేరు కనీసం ఏ వర్గంలో లెక్కింపబడాలనుకున్నారో చెబుతుందని ఒక పక్షం. సైన్యంలో, దఫ్తరులో ఉద్యోగం కోసం గ్రీకు పేరు తీసుకున్నవాళ్ల వల్ల ఆ లెక్క ఊళ్లకు, శతాబ్దాలకు పొసగదని ఇంకో పక్షం. ఉద్యోగం, భాష, కుటుంబం వివరాలు పక్కన లేకుండా పేరొక్కదానితో తేల్చడం కుదరదన్న రెండో పక్షం మాటకే బరువు ఎక్కువ.

మన వైపు కూడా ఈ సమస్య ఉంది. కాందహార్‌లో దొరికి 2004లో ప్రచురితమైన ఒక గ్రీకు పద్య శాసనం, నరతోస్ కొడుకు సోఫితోస్ వేయించింది. పద్యాలు చక్కని గ్రీకు. పేర్లు మాత్రం భారతీయ మూలానివిగా కనిపిస్తాయి, తండ్రి పేరులో నారదుడిని చూస్తారు. దీనికి ఎదురు ఉదాహరణ శాతవాహనుల సీమలోని నాసిక్ గుహల్లో ఉంది. ఉత్తరాది నుంచి, దాత్తామిత్రి అనే ఊరి నుంచి వచ్చిన యోనకుడు ఇంద్రాగ్నిదత్తుడు, ధమ్మదేవుడి కొడుకు. తాను యోనకుడినని, అంటే యవనుడినని, గ్రీకుడినని తానే చెప్పుకున్నాడు, తండ్రీ కొడుకుల పేర్లలో గ్రీకు ముక్క ఒక్కటీ లేదు. గ్రీకు పేర్ల కోశానికి సోఫితోస్ గ్రీకు లిపిలో ఉన్నాడు కాబట్టి తలుపు దగ్గరికి వస్తాడు. ఇంద్రాగ్నిదత్తుడు అసలు కనిపించడు.

లిపి మారితే గ్రీకు రాజులైనా కనిపించరు. అశోకుడి 13వ శిలాశాసనంలో ఐదుగురు గ్రీకు రాజుల పేర్లున్నాయి. షాబాజ్‌గఢీ ప్రతిలో అవి అంతియోక, తురమయ, అంతికిని, మక, అలికసుదర. అంటే అంతియోకోస్, తొలెమయోస్, అంతిగోనోస్, మగాస్, అలెక్సాండ్రోస్. ఈ శిలాశాసనాల ప్రతి మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది. విదిశ దగ్గరి గరుడ స్తంభం మీద దియోన్ కొడుకు, తక్షశిల వాడైన హెలియోదోరోస్ బ్రాహ్మీలో ‘హెలియోదొర’ అయ్యాడు. గ్రీకు అక్షరాలతో వెతికే పెట్టెకు ఇవేవీ చిక్కవు. లిప్యంతరీకరణ రూపాలను కూడా ఆ పేరుకు రూపాలుగా కడితేనే దొరుకుతాయి.

ఒకే మనిషికి రెండు సంఖ్యలు

ఏథెన్స్ వాడొకడు ఈజిప్టులో పత్రం రాస్తే అతను రెండు డేటాబేసుల్లోనూ రెండు సంఖ్యలతో ఉండవచ్చు. ఆక్స్‌ఫర్డ్‌లో సంపుటం సంఖ్యతో మొదలయ్యే గుర్తు, ట్రిస్మెగిస్టోస్‌లో వేరే సంఖ్య. వీటిని కలపడానికి లండన్‌లోని కింగ్స్ కాలేజీ కేంద్రంగా 2014లో ‘స్నాప్’ అనే ప్రయత్నం మొదలైంది. డేటాబేసులన్నిటినీ ఒకే కుప్పలో పోయకుండా, ప్రతి వ్యక్తికీ మారని వెబ్ చిరునామా ఇచ్చి, ‘ఈ పద్దు, ఆ పద్దు ఒకే మనిషివి’ అనే సంబంధాన్ని వేరుగా రాయడం దాని పద్ధతి.

కలపడం, విడదీయడం మీద పండితుల మధ్య భేదం ఎప్పుడూ ఉంటుంది. తండ్రి పేరు, ఊరు, దశాబ్దం కలిస్తే ఒకడే అనేవాళ్లున్నారు. కల్లియాస్, హిప్పోనికోస్‌ల కుటుంబాన్ని చూపించి, అది చాలదనేవాళ్లున్నారు. పొరపాటున విడదీసిన ఇద్దరిని తర్వాత కలపడం తేలిక, ఒక గీత గీస్తే చాలు. పొరపాటున కలిపిన ఇద్దరిని విడదీయాలంటే వాళ్ల పత్రాలన్నీ మళ్లీ ఒక్కొక్కటిగా చదవాలి. అందుకే అనుమానం ఉన్న చోట విడిగా ఉంచి, ‘బహుశా ఒకరే’ అని సంబంధం రాయడం మంచిది. వ్యాసంలో సంఖ్యను వాడేవాళ్లు పేరు, పద్దు గుర్తు, చూసిన తేదీతో పాటు అది వ్యక్తుల లెక్కో ప్రస్తావనల లెక్కో కూడా రాయాలి. పద్దులు మారుతుంటాయి, ఏడాది తర్వాత అదే వెతుకులాట వేరే సంఖ్య ఇవ్వవచ్చు.